తాతయ్య వెంట వెళ్ళగా మిగిలిన చెట్టు

ఈ ఏడు బడులు తెరిచిన కొత్తలో నూజివీడు వెళ్ళాను. నేను ఏడో తరగతి దాకా చదువుకున్న మున్సిపల్ బడికి ఊరివాళ్ళు, అక్కడ చదువుకుని బయటికి వెళ్ళినవాళ్ళు కలిసి పిల్లల సైన్సు ప్రాజెక్టులకు కావలసిన సామాన్లు ఇస్తున్నారు, మీరూ రావాలని పిలిచారు. నేనూ ఏదో కొంత ఇచ్చాను గనుక పిలిచారులెండి, నా మొహం చూసి కాదు. హనుమాన్ జంక్షన్‌లో దిగి నూజివీడు బస్సు ఎక్కాను. ఆఖరి కోత మామిడికాయలు గంపల్లో పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు నా ముందు సీట్లో కూర్చున్నారు. ఆ వాసన తగిలాక ఇంక నా మనసు నా దగ్గర లేదు. దారి పొడుగునా కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నానే గాని, పక్కనావిడ పలకరిస్తే సరిగ్గా జవాబు కూడా చెప్పలేదు.

బడి బాగుంది. గోడలకు రంగులు వేశారు, నేలకు పలకలు పరిచారు, గోడకంతా సరిపోయే డిజిటల్ బోర్డు ఒకటి కొత్తగా వచ్చింది. ప్రతి వస్తువు మీదా ఒక పేరు ఉంది. ఫ్యాను రెక్క మీద ఒక పేరు, మంచినీళ్ళ కుళాయి మీద ఒక పేరు, బల్లల అంచున వరసగా పేర్లు, కొన్నిటి ముందు కీర్తిశేషులు అని. పేరు రాయించుకోవడాన్ని నేను తప్పు పట్టను. పోయినవాళ్ళ పేరు ఎక్కడో ఒకచోట కళ్ళబడుతూ ఉండాలన్న తాపత్రయం నాకు అర్థం కానిది కాదు. నాకు కష్టమనిపించింది వేరే. ఆవరణలో షామియానా వేసి, పిల్లల్ని చేతులు కట్టుకుని నిలబెట్టి, దాతలను ఒక్కొక్కరినే పైకి పిలిచి, సామాను అందిస్తున్నట్టు ఫొటో తీసి, శాలువా కప్పి, హెడ్మాస్టరు గదిలో టిఫిను పెట్టి పంపించేశారు. ఆ సామాను వెళ్ళే తరగతి గది పక్కనే ఉంది. ఇచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా గుమ్మం దాటి లోపలికి చూడలేదు. పిల్లలు రమ్మని పిలవలేదు, పిలవాలని వాళ్ళకెవరూ చెప్పలేదు. నన్ను రెండు మాటలు మాట్లాడమంటే అందరూ మాట్లాడేవే నేనూ మాట్లాడి వచ్చి కూర్చున్నాను. మాట్లాడవలసింది అది కాదని కూర్చున్నాక తెలిసింది. కానీ ఆ సంగతి మైకులో చెప్పేది కాదు, ఇలా తీరిగ్గా కాగితం మీద పెట్టుకోవలసింది.

మా ఇల్లు ఊళ్ళోనే ఉండేది, తోట ఆగిరిపల్లి రోడ్డులో. పెద్ద తోటేం కాదు, ఒక కుటుంబం తిని, నలుగురికి పెట్టి, అమ్ముకోగా ఏడాది గడిచేంత. తాతయ్య తెల్లారగానే సైకిలు మీద తోటకి వెళ్ళేవాడు, ఎండెక్కాక వచ్చేవాడు. వస్తూనే పంచె కొంగుతో మెడ తుడుచుకుని, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా మజ్జిగ తాగేవాడు. తాగాకే ఆయనకు మాట వచ్చేది. వేసవిలో మా నడిమింట్లో మంచాలు తీసేసి గడ్డి పరిచి కాయలు మాగేసేవాళ్ళు. ఆ రెండు నెలలూ మా బట్టలకీ, పుస్తకాలకీ, తలగడలకీ, చివరికి డబ్బాలో బియ్యానికి కూడా అదే వాసన. ఆ గదికి మా నాయనమ్మ అధికారి. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, గడ్డి కొంచెం కొంచెమే తొలగిస్తూ చేత్తో తడిమి పండింది ఏదో, పండనిది ఏదో తేల్చేది. మేం వేలు పెట్టి నొక్కితే చెయ్యి మీద ఒకటి వేసేది. మచ్చలేని పండ్లన్నీ బయటివాళ్ళకు వెళ్ళేవి. తోటలో పనిచేసేవాళ్ళకి, బడిలో టీచర్లకి, చాకలి ఇంటికి, ఎదురింటివాళ్ళకి. డాగు పడ్డవి మాకు. మామిడిపండు అంటే ఒక పక్క నల్ల మచ్చ ఉండే పండు అని నేను చాలా పెద్దయ్యేదాకా అనుకున్నాను.

తోటలో పాక ముందు ఒక చిన్నరసం చెట్టు ఉండేది. తోట మొత్తం వ్యాపారికి గుత్తకు ఇచ్చినా తాతయ్య ఆ చెట్టు మాత్రం ఇచ్చేవాడు కాదు. దాని కింద ఆయన నులకమంచం. మధ్యాహ్నం తోటలో ఉండిపోయిన రోజుల్లో అక్కడే పడుకునేవాడు. నీడ జరిగితే మంచం జరుపుకునేవాడు గాని లేచి ఇంటికి వచ్చేవాడు కాదు. ఆయన గురక వినబడితే తోటలో కోతులు రావని నాయనమ్మ వేళాకోళం చేసేది.

ఒక ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో తాతయ్య తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ వద్దని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. మా వైపు తోట ఉన్న పెద్దవాడు పోతే చితికి ఆ తోటలో మామిడిచెట్టే కొడతారు. ఏ చెట్టు కొట్టాలా అని మగవాళ్ళు వాకిట్లో నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒకరు ముసలిచెట్టు అన్నారు, ఒకరు కాపు తగ్గిన చెట్టు అన్నారు. లోపల శవం తల దగ్గర కూర్చున్న నాయనమ్మ అక్కడినుంచే, "మంచం వేసుకునే చెట్టు కొట్టండి. ఆ నీడ లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు" అంది. మా తోటలో పనిచేసే కోటయ్య గొడ్డలి భుజాన వేసుకుని ఏడుస్తూనే వెళ్ళాడు.

కొమ్మలూ, పైమాను తాతయ్యతో వెళ్ళాయి. లావుపాటి మొదలు మాత్రం పాక ముందే పడి ఉండిపోయింది. చితికి కొట్టిన చెట్టులో మిగిలింది ఎవరూ ఇంటికి తీసుకుపోరు. పొయ్యిలో పెట్టరు, దడికి కట్టరు. దారిన పోయేవాళ్ళు పుల్ల కూడా ఏరుకోరు. అందుకని అది వానకు తడుస్తూ, పక్కన గడ్డి మొలుస్తూ అక్కడే ఉంది. నాన్న తోటకి వెళ్ళి వచ్చినప్పుడల్లా నాయనమ్మ అడిగేది ఒకటే. "మొదలు కుళ్ళిపోతోందా?" నాన్న లేదమ్మా అనేవాడు. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేది. భర్త పోయిన ఆడమనిషి ఏడాది తిరిగేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదని మా ఇళ్ళలో పట్టింపు. ఇంటికంతటికీ అధికారిగా తిరిగిన మనిషి వెనకగదిలో ఒక మూలకి చేరిపోయింది. అది చూస్తే నాకు ఏడుపు వచ్చేది.

అప్పుడు నేను ఏడో తరగతి. మా క్లాసుకి రూతమ్మ టీచరుగారు సైన్సు, సోషలు చెప్పేవారు. ఉంగుటూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. తెల్లచీర, చేతిలో మగవాళ్ళ గొడుగు, చంకన బట్టసంచి. ఆవిడ నవ్వగా మేం చూసింది తక్కువ, కోప్పడగా చూసింది ఇంకా తక్కువ. పుస్తకంలో ఉన్నది చేత్తో చేసి చూస్తే తప్ప బుర్రకెక్కదని ఆవిడ నమ్మకం. చెయ్యడానికి బడిలో ఏమీ లేదు. అందుకని బజారులో దుకాణం దుకాణానికీ ఆవిడే వెళ్ళేవారు. పిల్లల్ని పంపేవారు కాదు. "డబ్బులు వద్దండీ. మీ దగ్గర ఊరికే పడి ఉన్నదేదైనా ఇవ్వండి. కానీ ఇచ్చి ఊరుకోకూడదు, శనివారం వచ్చి పిల్లలు దాంతో ఏం చేశారో చూడాలి. అది మా రూలండి" అనేవారు. ఇవ్వడం కంటే ఆ రెండోదే జనానికి కష్టంగా ఉండేది. అయినా వచ్చేవారు. మందుల షాపాయన ఖాళీ సీసాలిచ్చి, వాటిలో పెసలు మొలకెత్తడం చూడ్డానికి వచ్చి, మాతోపాటు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. టైలరు ఇచ్చిన గుడ్డముక్కలతో ఆడపిల్లలం జిల్లా పటం కుట్టాం. ఆయన శనివారం వచ్చి, మా కుట్లు చూసి తల కొట్టుకుని, కృష్ణానది మొత్తం విప్పి మళ్ళీ తనే కుట్టాడు.

ఆ గదిలో బెంచీ గాని బల్ల గాని ఉండేది కాదు. నేల మీదే చదువు, నేల మీదే పని. వానాకాలం నేల చెమ్మెక్కేది. ఆరబెట్టిన మట్టిబొమ్మలు మర్నాటికి మెత్తబడేవి. గుడ్డపటాన్ని చెద తినేసింది. చిరిగిన పటాన్ని టీచరుగారు దులిపి, మడిచి తన బట్టసంచిలో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ దృష్టంతా చెక్క మీదే. ఎవరైనా కాస్త కలప ఇస్తే పొడుగుబల్లలు చేయించుకోవచ్చని కనబడిన వాళ్ళనల్లా అడిగేవారు.

ఆకుల ప్రాజెక్టు అని ఒకరోజు క్లాసందరినీ మా తోటకి తీసుకొచ్చారు. పిల్లలు ఆకుల కోసం చెదిరిపోయారు. టీచరుగారు పాక ముందు ఆగి, గడ్డిలో పడి ఉన్న ఆ మొదలును గొడుగుతో తట్టి చూశారు. "ఇది మీదేనా అమ్మా? ఎందుకు ఊరికే పడేశారు? బడికిస్తారేమో మీ నాన్నగారిని అడగనా?" అన్నారు. ఆవిడకి తెలిసే అడుగుతున్నారని నేను అనుకున్నాను. ఊరు ఊరంతా తాతయ్య వెనక నడిచింది కదా. ఆవిడ మాత్రం మర్నాడు పరామర్శకు వచ్చారు. వాళ్ళలో పోయినవాళ్ళని పెట్టెలో పెట్టి సమాధుల తోటకి తీసుకువెళతారు. చెట్టు కొట్టడం, మిగిలినదాన్ని వదిలెయ్యడం ఆవిడ చూసినవీ కావు, విన్నవీ కావు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి నాన్నని అడిగారు. మా నాన్నకు మొహమాటం ఒక జబ్బులాంటిది. చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చి అక్కడే కాపురం పెట్టేది. "అంటే టీచరుగారూ, అది... చెట్టు కొంచెం..." అంటూ నసుగుతున్నాడు. వెనకగదిలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"ఇవ్వరా."

"అమ్మా, అది..."

"ఇవ్వమంటున్నానా. ఆయన తీసుకెళ్ళాల్సింది తీసుకెళ్ళాడు. మిగిలింది పిల్లలకివ్వు."

టీచరుగారు ఆ గది వైపు చేతులు జోడించారు. నాన్న తల గోక్కుని, "తీసుకెళ్ళండి" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అదేంటండీ, అసలు సంగతి చెప్పకపోయారా?" అంది. "అమ్మ వింటుండగా నాన్న చితికి కొట్టిన చెట్టు అని ఎట్టా చెప్పను? అయినా ఊరందరికీ తెలిసిందేగా" అన్నాడు నాన్న. అందరికీ తెలిసిందే గదా అన్నది మా ఊళ్ళో ఎన్ని కొంపలు ముంచిందో చెప్పలేను.

మొదలును కోత మిల్లుకు తీసుకెళ్ళారు. చెక్కలు కోసి బడి వెనక నీడలో ఆరబెట్టారు. నాయనమ్మలో కొంచెం కదలిక వచ్చింది. బడి నుంచి నేను రాగానే పుస్తకాలు కింద పెట్టనివ్వకుండా అడిగేది. చెక్క ఏ రంగులో ఉంది, పగుళ్ళేమైనా వచ్చాయా, వడ్రంగి మొదలుపెట్టాడా. ఒకరోజు నేను కప్పులో పట్టి తెచ్చిన చిత్రిక పొట్టును వాసన చూసి, కొంగున ముడి వేసుకుంది. "సగం ఆయనతో పోయింది. ఈ సగం ఎందుకు మిగిలిందా అని రోజూ అనుకునేదాన్నే. ఎక్కడో ఒకచోట మన పిల్లల మధ్య ఉంటే చాలు" అంది. తాతయ్య పోయాక ఆవిడ నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

చలి తగ్గి తోటల్లో పూత నిండుగా ఉన్న రోజుల్లో బల్లలు వచ్చాయి. పొడుగ్గా, తక్కువ ఎత్తులో, మేం కూర్చోవడానికి కొన్ని, పని పెట్టుకోవడానికి కొన్ని. పాలిష్ కూడా లేదు. ఆ రోజు మేం ఏ పాఠమూ వినలేదు. చేత్తో తడుముకుంటూ, వాసన చూసుకుంటూ కూర్చున్నాం. నా పక్కన నాగమణి కూర్చుంది. కోటయ్య కూతురు. మేమిద్దరం ఎప్పుడూ పక్కపక్కనే.

మర్నాడు పాఠం మధ్యలో నాగమణి తల్లి వీరమ్మ గుమ్మంలోకి వచ్చింది. పొలం నుంచి అలాగే వచ్చినట్టుంది, కాళ్ళకి మట్టి. "లేవే" అంది కూతుర్ని. నాగమణికి అర్థం కాలేదు. వీరమ్మ లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుని లాగేసింది. "మీకు దణ్ణం పెడతా టీచరమ్మా" అని, కూతురి వైపు తిరిగింది. "మీ అయ్యే గొడ్డలితో కొట్టాడే అది, చితి చెట్టే. దాని మీద కూర్చుని చదూకుంటావటే?" టీచరుగారు సుద్దముక్క కింద పెట్టారు. ఏం చెట్టు అని నన్ను చూశారు. నేను చెప్పాను. అంతమంది ముందు, మా తాతయ్య చితికి కొట్టిన చెట్టు అని చెప్పాను. ఆవిడ ముఖం చూసి, ఆవిడకి ఇంతవరకూ ఆ సంగతి తెలియదని అప్పుడు గ్రహించాను.

ఇక ఊరు ఊరుకుంటుందా. సగం మంది పిల్లలు గోడవార నేల మీద చేరారు. పోయినవాళ్ళను పూడ్చిపెట్టే ఇళ్ళ పిల్లలు కాసేపు బల్లల మీద కూర్చున్నారు. అటు చూసి ఇటు చూసి, తాము మాత్రమే కూర్చోవడం బాగా లేదనిపించిందేమో, ఒక్కొక్కరే వాళ్ళూ దిగిపోయారు. నేనెక్కడ కూర్చోవాలో నాకు తెలియలేదు. బల్ల మీద కూర్చుంటే వాళ్ళని వెక్కిరించినట్టు, నేల మీద కూర్చుంటే మా తాతయ్యని అన్నట్టు. సాయంత్రం దాకా కిటికీ దగ్గర నిలబడే ఉన్నాను. పసిపిల్లల్ని పాడె మీద కూర్చోబెడతారా అని పెద్దవాళ్ళు వచ్చి హెడ్మాస్టరుగారిని నిలదీశారు. శనివారానికల్లా బల్లలు తీయించేస్తానని ఆయన మాట ఇచ్చారు.

టీచరుగారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండీ" అన్నారు నాన్నతో.

"చెబితే మీరు వద్దనేవారని..." నాన్న మాట మింగాడు.

"నేను వద్దనేదాన్ని కాదండీ. కానీ ముందు పిల్లల అమ్మానాన్నల్ని అడిగేదాన్ని. ఇప్పుడు మోసం చేసి కూర్చోబెట్టినట్టయింది. మామ్మగారి మనసు కూడా కష్టపెట్టినట్టయింది." ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అదొక్కసారే చూశాను.

టీచరుగారు వెళ్ళాక నాయనమ్మ నన్ను పిలిచింది. వద్దన్నారా అని అడగలేదు. అన్నీ వినే ఉంది. "ఇచ్చినవాళ్ళు శనివారం రావాలన్నావు కదే, అది అందరికీనా?" అంది. అందరికీ అన్నాను. "అయితే నేనూ రావాలిగా" అంది. నాన్న హడలిపోయాడు. "అమ్మా, ఏడాది తిరగలేదు. అసలే దాని గురించి గొడవ. నువ్వు వెళితే గుమ్మంలో అడుగు పెట్టనిస్తారా?" అన్నాడు. "పెట్టనివ్వకపోతే బయటే కూర్చుంటాను. మా ఆయన వస్తువు నా మొహాన తిప్పికొడుతుంటే నేను మూల కూర్చుని వినాలా?" అంది. ఆ గొంతు నడిమింట్లో గడ్డి తిప్పేటప్పటి గొంతు. మళ్ళీ వింటాననుకోలేదు.

శనివారం మధ్యాహ్నం రిక్షాలో ఆవిడ, నేను వెళ్ళాం. బజారులో జనం చూసి తల తిప్పుకున్నారు. ఎదురుగా వస్తున్న ఒకావిడ ఆగి పక్కసందులోకి తప్పుకుంది. నాయనమ్మ అది చూసి, "పాపం, ఏ పని మీద పోతోందో" అంది. బడి వరండాలో తల్లులు గుంపుగా ఉన్నారు, బల్లలు బయటికి వెళ్ళేదాకా కదలకూడదని వచ్చారు. వాళ్ళలో వీరమ్మ ముందుంది. నాయనమ్మను చూసి అందరూ పక్కకు జరిగారు. గౌరవమో, భయమో, ఎవరికి వాళ్ళకే తెలియాలి.

గుమ్మం దగ్గర నాయనమ్మ ఆగింది. "లోపలికి రావచ్చా టీచరుగారూ?"

"మీరు రావాలనే మా రూలు మామ్మగారూ" అన్నారు టీచరుగారు.

లోపల బల్లలు ఖాళీగా ఉన్నాయి. అందరం నేల మీద ఉన్నాం. ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి బల్ల మీద చెయ్యి వేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. అందరూ ఆవిడ దాని మీద కూర్చుంటుందనే అనుకున్నారు. ఆవిడ కూర్చోలేదు. గోడ పట్టుకుని కష్టం మీద వంగి, నాగమణి పక్కన నేల మీద కూర్చుంది. కూర్చుని ఊపిరి తీసుకుని, గుమ్మంలో ఉన్న వీరమ్మను చూసింది.

"కోటయ్య చేతికి సొన అంటి పుండు పడిందిగా ఆ రోజు. తగ్గిందా?"

వీరమ్మ ఆ మాట ఊహించలేదు. "తగ్గిందండి" అంది.

"ఏడుస్తూ కొట్టాడు. చూసుకోలేదు, పిచ్చోడు." టీచరుగారి వైపు తిరిగింది. "పిల్లలకి భయమైతే కూర్చోమని ఎవరూ అనొద్దు టీచరుగారూ. భయపెట్టి చెప్పే చదువెందుకు? నాకు ఒకటే తెలుసు. ఆ చెట్టు కింద ఆయన ఒక్కడే పడుకోలేదు. కోటయ్య పడుకున్నాడు, ఈ వీరమ్మ చంటిపిల్లని ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది. ఆ ఉయ్యాల్లో పిల్లే ఇది" అని నాగమణి వీపు మీద చెయ్యి వేసింది. "అది మీకు అచ్చిరాలేదంటే సరే. ఇవ్వాళే ఇంటికి పంపించెయ్యండి. పాడు చెయ్యను. నా వంతుకి దాచుకుంటాను."

ఆవిడ దేనికి దాచుకుంటానందో పిల్లలం మాకు కూడా అర్థమైంది. వీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అట్టా అనమాకండమ్మా. మీ నోటంట ఆ మాట అనమాకండి" అంటూ లోపలికి వచ్చి, కూతుర్ని రెక్క పట్టుకుని లేపింది. బల్ల మీద కూర్చోబెట్టింది. ఊరికే కూర్చోబెట్టి ఊరుకోలేదు, తానూ పక్కన కూర్చుంది. ఇరుకైన బల్ల మీద ఆ తల్లీ కూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని, ఏం జరుగుతుందో అన్నట్టు కూర్చున్నారు. ఏమీ జరగలేదు. కాసేపటికి నేనూ వెళ్ళి కూర్చున్నాను. తర్వాత ఇంకొకరు.

అందరూ కూర్చున్నారని చెబితే అబద్ధం. కొన్ని ఇళ్ళవాళ్ళు ఒప్పుకోవడానికి వారాలు పట్టింది. ఒక అమ్మాయి ఇంట్లో చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి వేసవి సెలవులిచ్చేదాకా గోడవారనే కూర్చుంది. టీచరుగారు ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. పాఠం అయిపోయి పనిలోకి దిగినప్పుడు తను కూడా వెళ్ళి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చునేవారు. బల్లల మీద మాత్రం ఆ ఏడాది మేం చేయని పని లేదు. మళ్ళీ జిల్లా పటం కుట్టాం. మట్టితో కాలవలు, తూములు చేశాం. నాయనమ్మ ఆ తర్వాత వరసగా చాలా శనివారాలు వచ్చింది. కాయలకు పిందె నుంచి పండు దాకా ఏమేం రోగాలొస్తాయో మాకు చెప్పింది. ఏడాది తిరగలేదన్న మాట మా నాన్న మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు పిల్లలకు అందుతున్నది ఆ రోజుల్లో మేం కలలో కూడా చూడలేదు. అది మంచిదే. నేలమీద చెమ్మలో కూర్చున్న చదువును తలుచుకుని మురిసిపోయే మనిషిని కాను నేను. పుండు మానాక దాన్ని ముద్దు చేయడం నాకు చేతకాదు. కానీ ఇచ్చే చేతికీ తీసుకునే చేతికీ మధ్య ఇప్పుడు షామియానా అంత దూరం వచ్చింది. ఇచ్చినదాన్ని పిల్లలు ఇష్టపడ్డారో లేదో ఎవరూ అడగరు, వద్దనడానికి వాళ్ళకి వీలు లేదు. మా వీరమ్మ గుమ్మంలో నిలబడి వద్దంది. వద్దనే హక్కు ఉన్నచోట ఒప్పుకుంటే దానికి ఒక విలువ ఉంటుంది. మొన్న షామియానా బయట చేతులు కట్టుకుని ఎండలో నిలబడ్డ పిల్లల్ని చూస్తే నాకు దుఃఖం వచ్చింది. వాళ్ళ ముందు శాలువా కప్పించుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

నాయనమ్మ పోయేనాటికి నేను విజయవాడలో కాలేజీలో చదువుతున్నాను. కబురు అందగానే వచ్చాను. అప్పటికి తోట మా చేతుల్లో లేదు. వరసగా కాపు పోయి, అప్పులై, చేతులు మారింది. కొట్టడానికి మాకంటూ ఒక చెట్టు లేదు. వాకిట్లో మగవాళ్ళు ఏం చేద్దామని మాట్లాడుకుంటుంటే నాన్న ఉన్నట్టుండి లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికో నాకు తెలిసి నేనూ వెనకే నడిచాను. దారిలో ఒకటే మాట అన్నాడు. "నా వంతుకి అని అంది కదా అమ్మ. మర్చిపోతే ఎట్టా."

బడి జరుగుతోంది. రూతమ్మ టీచరుగారికి జుట్టు నెరిసింది. మా పాత గదిలోనే ఉన్నారు. పిల్లలు ఆ బల్లల మీద మోచేతులు ఆనించి, వరసగా వంగి, ఏవో అట్టముక్కలు అంటిస్తున్నారు. చెక్క నల్లబడిపోయింది, అంచులు అరిగి నున్నగా అయ్యాయి. టీచరుగారికి అప్పటికే కబురు తెలిసింది. నాన్న నోరు తెరవకముందే ఆయన ఎందుకు వచ్చాడో గ్రహించి గబగబా లేచారు. "ఒక్క నిమిషం అండీ. పిల్లల్ని లేపి ఖాళీ చేయిస్తాను. ఆవిడ మాటే కదా, మీరు అడగాలా?" అన్నారు.

నాన్న గుమ్మంలో నిలబడి పిల్లల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక పిల్ల తల ఎత్తి చూసి, మళ్ళీ తన పనిలో పడింది. జీవితమంతా ఒక మాట తిన్నగా చెప్పలేని మా నాన్న ఆ రోజు నసగలేదు.

"వద్దండీ. లేపకండి" అన్నాడు.

వెనక్కి తిరిగి నడిచాం. ఎవరి తోటలో పెరిగినవో తెలియని, కొన్న కట్టెలతో మా నాయనమ్మను సాగనంపాం.